మత్తుకు ముందు తీసిన నెత్తురు

థీసిస్ ఇవ్వడానికి నాలుగు రోజులే మిగిలాయి. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మత్తుమందు ఇస్తే గొర్రె నెత్తురు ఎలా మారుతుందన్నది నా పరిశోధన. మత్తుకు ముందు ఒక ట్యూబు, మత్తులో ఒక ట్యూబు తీసి చూడాలి. ఐదు గొర్రెల్లోనూ మత్తెక్కగానే ఎర్రకణాలు బాగా పడిపోయాయి. థీసిస్ అంతా దాని మీదే రాశాను.

ఆరో గొర్రె చివరిది. క్యాంపస్‌లో నెత్తురు కణాలు లెక్కపెట్టే మా మిషన్ పాడైందని దాని ట్యూబులు తార్నాకలో ఒక ల్యాబ్‌కి ఇచ్చాను. మెట్రో కింద చాయ్ తాగుతుంటే రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. ఎర్రకణాలు కొద్దిగా తగ్గాయి, అంతే.

మళ్లీ ల్యాబ్‌కి ఉరికాను. "మీ మిషన్ ఖరాబున్నది. మళ్ల చెయ్యండి!"

"రెండుసార్లు చేసిన మేడం. నామీద గరమైతే గొర్రె నెత్తురు మారుతదా?" అన్నాడు టెక్నీషియన్.

బయటికొచ్చి షెడ్డులో గొర్రెలు చూసుకునే కాకాకి ఫోన్ చేశాను. "కాకా, పొద్దున ట్యూబులేమైనా తారుమారైనయా?"

"కాలే బిడ్డా. నువ్వు బయట ఫోన్ల ఎవలితోనో కొట్లాడుతుంటివి. మత్తిచ్చేదాక మేత పెట్టద్దంటిరి గద, గదుమ నిమురుకుంట కూసున్న. అది ఊకున్నంక మత్తిచ్చే డాక్టర్ సారు సూదేసి మొదటి ట్యూబు తీసిండు."

"మరి ముందటి ఐదు?"

"గవిటిని షెడ్డంత ఉరికిచ్చి పట్టిస్తివి. నీ లొల్లికి నాకే దడ పుట్టె. గొర్రెకు పుట్టదా?"

బెదిరిన గొర్రె, ప్లీహంలో దాచుకున్న ఎర్రకణాల్ని నెత్తురులోకి వదిలేస్తుంది; మత్తులో భయం పోగానే అవి మళ్లీ తగ్గిపోతాయి. నాకు తెలుసు. రెండో చాప్టర్లో నేనే రాశాను. మెట్రో మెట్ల మీద కూర్చుని, గొర్రెల్ని పట్టేటప్పుడు ఫోన్‌లో తీసుకున్న పాత వీడియోలు పెట్టాను. "పట్టుకోండి! ఇంకెంతసేపు?" ఐదింట్లోనూ నా గొంతే. నేను ఇన్నాళ్లూ కొలిచింది మత్తును కాదు.

ఆరో రిపోర్టు మా డిపార్ట్‌మెంటులో నేను తప్ప ఇంకా ఎవరూ చూడలేదు. డిలీట్ మీదికి వేలు వెళ్లింది. చివరికి వీడియోలతో సహా గైడ్ మేడంకి పంపేసి, ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్లాను. అక్కడికి ఎందుకో నాకే తెలియదు.

కాకా గేటు దగ్గరే ఆపాడు. "లోపలికి రాకు. దానికి మత్తింక పూర్తిగ దిగలే. నిన్ను చూస్తే లేవబోయి పడ్తది."

చేతిలో ఫోన్ మోగింది. మేడం. గొర్రె చెవి కదిలింది. వెంటనే ఎత్తి, గోడకి ఒదిగి, గొంతు తగ్గించి, "తప్పు నాదే మేడం" అన్నాను.

"ఏంటి? వినిపించట్లేదు, గట్టిగా చెప్పు!"

గొర్రె బెదురుతుందని ఫోన్ పెట్టేసి, అదే మాట టైపు చేసి పంపాను.