పసుపు పూసిన అత్తాలు

గెల నుంచి విడదీసిన ఒక్కో అరటి చీపునీ ఆళ్లగడ్డ పల్లెల్లో అత్తం అంటారు. అత్తమంటే హస్తమే. పన్నెండేళ్లుగా తమ తోటలో ప్రతి కోతకూ ఆ అత్తాలను మందు కలిపిన తొట్లో ముంచి తీసింది పద్మమ్మే. కోసిన చోట బూజు పట్టకుండా ఆ మందు. కాయకు బూజు పట్టలేదు గానీ ఆమె వేళ్ల చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. అన్నంలో కారం కలిపితే ప్రాణం పోయేది. చెంచాతో తినేది.

ఒకనాడు కొడవలి తగిలి వేలు తెగింది. గాయానికి పసుపు అద్దుకుంటూ ఆగిపోయింది. మనిషికి తెగితే పసుపు పెడతాం, కాయకు తెగితే ఎందుకు పెట్టకూడదు? నాలుగు అత్తాలకు పూసి చూసింది. వారమైనా కోత నల్లబడలేదు.

"ఈ తూరి మందొద్దు. నా చేతులింక ఆ తొట్లో పెట్టను," అని మొగుడు పుల్లయ్యతో తెగేసి చెప్పింది.

"సరే మే, నీ ఇష్టం," అన్నాడాయన.

నంద్యాల మండీలో పసుపు పూసిన అత్తాల ట్రేలు దించగానే, కొనడానికి వచ్చిన బండ్లవాళ్లు వెనక్కి జరిగారు. ముందురోజే అమావాస్య.

"ఏందిది పద్మమ్మా? దిష్టి తీసిన కాయలు మోసుకొచ్చినావా?" అన్నాడు మండీ యజమాని విశ్వేశ్వరయ్య.

"దిష్టి కాదప్పా, కుళ్లకుండా పూసినా."

"నేను నమ్ముతా. కొనేటోడు నమ్మాల గదా! పసుపు పూసిన పండు గుళ్లోనన్నా ఉండాల, మూడు దోవల కాడన్నా ఉండాల. బేరానికి యాడ పనికొస్తాది?"

పుల్లయ్య కొళాయి కింద కడిగాడు. పసుపు మరక అంత తేలిగ్గా పోతుందా? పోయినా, చూసిన కళ్లను కడగలేం కదా. ఐదు రోజులున్నాయి ఆ ట్రేలు. ఒక్క అత్తానికీ బూజు పట్టలేదు, ఒక్కటీ అమ్ముడుపోలేదు. మందులో ముంచిన పండును దేవుడికి నైవేద్యం పెట్టే జనం, పసుపును చూసి పారిపోయారు. మన తెలివికి దండం పెట్టాలి! చివరికి కాయలన్నీ మాగి మెత్తబడి దిబ్బకెక్కాయి. ఆవులు మాత్రం దిష్టి గిష్టి చూడలేదు.

తర్వాతి కోతకు పుల్లయ్య పెళ్లాం ముఖం చూడకుండా తొట్లో మందు కలిపాడు.

"నేను ముంచుతాలే మే."

"గెలలెవురు కోస్తారు? జరుగు," అని పద్మమ్మ కొంగు దోపుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి వేళ్ల నుంచి నెత్తురు కారింది. ఇంటికొచ్చి, డబ్బాలో మిగిలిన పసుపు తీసి రెండు చేతులకూ పూసుకుంది. గడపలో నిలబడిపోయిన పుల్లయ్యను చూసి చేతులు చాపింది.

"ఈ అత్తాల్ని ఎవురూ కొనే పన్లేదులే," అంది.