మావయ్య బసూన్ గాడిదలా అరిచిన ఆదివారం

నా చిన్నప్పుడు బెజవాడ మొత్తానికి బసూన్ ఒక్కటే ఉండేది, అది మా మావయ్యది. బసూన్ అంటే మన సన్నాయికి పెదనాన్న లాంటి విలాయతీ వాద్యం. దాని పొడవు ముందు ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కూడా సిగ్గుతో తలొంచుకునేవి. మావయ్య ఊదితే ఆ మోతకు హనుమాన్ జంక్షన్‌లో లారీలు పక్కకు తప్పుకునేవని బళ్ళో చెప్పుకునేవాళ్ళం. నేనే ఎక్కువ చెప్పేదాన్ని.

దాని కొసన రెల్లుతో చేసిన చిన్న పీక ఉంటుంది. వాయించే ముందు దాన్ని నోట్లో నానబెట్టాలి. ఆ పావుగంటా మావయ్య మాట్లాడేవాడు కాదు, కనుబొమలతోనే సంసారం నడిపేవాడు. అత్తయ్య చీరలూ సినిమాలూ అన్నీ ఆ పావుగంటలోనే ఒప్పించేసుకునేది.

మిలటరీ బ్యాండులో ఇరవయ్యేళ్ళు ఒక్క అపస్వరం లేకుండా వాయించి వచ్చిన మనిషి, ఇక్కడ పెళ్ళి ఊరేగింపుల్లో ట్రంపెట్ ఊదుతూ, సాయంత్రాలు మాలాంటి కోతులకు కీబోర్డు నేర్పేవాడు. అంతలో ఒక స్కూల్లో మ్యూజిక్ మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. చర్చి వార్షికోత్సవంలో మావయ్య వాయిద్యం విని తేలుస్తానన్నారు అక్కడి హెడ్మిస్ట్రెస్ గారు. ఆయన బసూన్, పక్కన తొమ్మిదేళ్ళ నేను కీబోర్డు.

సగం పాటలో నా వేలు జారింది. తర్వాతి స్వరాలన్నీ కృష్ణలో కొట్టుకుపోయాయి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సరిగ్గా అప్పుడే మావయ్య బసూన్ గాడిదలా ఓండ్రపెట్టింది. హాలంతా నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగి గొల్లున నవ్వింది. ఆయన పీక ఊడదీసి, లైటుకు ఎదురుగా పెట్టి చూసి, "పీక చీలిందండీ, మన్నించాలి. మొదట్నుంచి వాయిస్తాం" అన్నాడు. పీక మళ్ళీ తగిలించి నాకేసి కనుబొమ ఎగరేశాడు. ఈసారి కొస దాకా తప్పు లేకుండా వాయించాను.

రిక్షాలో అత్తయ్యకు ఏడుపొక్కటే తక్కువ. "ఇరవయ్యేళ్ళు తప్పనిది ఇవాళే తప్పాలా అండీ? చేతికందిన ఉద్యోగం!" మావయ్య చప్పున పీక నోట్లో పెట్టేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారు ఇంటికొచ్చారు. "పీక చీలిందన్నారు. మరి అదే పీకతో మళ్ళీ అంత బాగా ఎలా వాయించారు మాస్టారూ?" అనడిగారు. మావయ్య నోట్లో పీక నానుతోంది. కనుబొమలు మాత్రం ఒక్కసారి నావైపు తిరిగి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆవిడ నన్ను చూసి నవ్వారు. "రేపట్నుంచి స్కూలుకి వచ్చేయండి" అన్నారు.

ఆ పీకకు వెంట్రుకంత చీలిక కూడా లేదని నాకప్పుడు గానీ వెలగలేదు. ఇరవయ్యేళ్ళు దాచుకున్న పేరును నా ఒక్క వేలి కోసం ఖర్చు పెట్టేశాడు మావయ్య.

తర్వాత బందరు దాకా ఏ చర్చిలో కీబోర్డు మోగినా అది ఆయన శిష్యుల చలవే. సరే, కాస్త పెంచి చెప్పాననుకోండి, సగం మాత్రం నిజం.

ఇప్పుడు నేనూ సంగీతం చెబుతున్నాను. మా టీచర్‌కి స్టేజీ మీద తప్పులెక్కువని నా పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాటిలో రెండో మూడో నిజంగా నావే కూడాను.