డుంబ్రిగుడలో నేను వదిలిన బంతి

పన్నెండేళ్ళుగా నా గుండెల మీద ఒక గోల్ కూర్చుని ఉంది. నవ్వకండి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకే చెప్తున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు.

మొన్న మా హాస్టల్ టీవీలో మన దేశం ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒక పెద్ద దేశంతో ఆడింది. ఆడటం ఏముంది, వాళ్ళు ఆడారు, మనవాళ్ళు పరిగెత్తారు. ఆరో గోల్ దాకా లెక్కపెట్టి మానేశాను. మన కీపరు పిల్ల ప్రతిసారీ వలలోంచి బంతి తీసి, మోకాళ్ళు దులుపుకుని మళ్ళీ నిలబడుతోంది. అంత తేడా ఎందుకని హాస్టల్ పిల్లలు అడిగారు. నేను వాళ్ళ వార్డెన్ని, ఏదో ఒకటి చెప్పాలి కదా. వాళ్ళకి ఊరూరా పచ్చటి మైదానాలుంటాయని, కోచ్‌లుంటారని, మనకి ఆడపిల్ల బంతి తన్నితేనే వింతని చెప్పాను. మన చేతిలో అలాగే చిత్తుగా ఓడిపోయే చిన్న దేశాలూ ఉన్నాయని కూడా చెప్పాను. నా చూపు మాత్రం ఆ కీపరు మీదే ఉంది. అక్కడ మా బుద్రి నిలబడేదా? ఏమో. ఆ దారికి అడ్డం పడింది మాత్రం నేను.

బుద్రిదీ నాదీ ఒకే ఊరు, ఒకే ఆశ్రమ పాఠశాల. చలికాలం ఇద్దరికీ ఒకటే దుప్పటి. తను కీపరు, తన ముందు అడ్డుగా నిలిచే బ్యాకు నేను. మా జట్టు గురించి గొప్పలు చెప్తాను, ఏమీ అనుకోకండి. కొండెక్కి కట్టెలు తెచ్చే కాళ్ళు మావి. బూట్లు ఇస్తే కరుస్తున్నాయని విప్పి గట్టున పెట్టి ఆడేవాళ్ళం. ఇక బుద్రి చేతులంటారా, అబ్బో! చెట్టు మీంచి పడే పనసకాయనైనా పట్టేసేది. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉండేది. నేను "మోర్" అని అరిస్తే తను గోల్ దగ్గరే ఆగిపోవాలి. జట్టులో మా ఇద్దరికే వచ్చిన మా ఊరి భాషలో మోర్ అంటే నాది. ఆ బంతి సంగతి నేను చూసుకుంటానని అర్థం.

ఆ ఏడాది పోటీలు డుంబ్రిగుడలో పెట్టారు. రాష్ట్ర జట్టుకి ఒక కీపరు కావాలని ఇద్దరు పెద్దమనుషులు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. అప్పటికి ఒక్క గోల్ కూడా తినని కీపర్లు ఇద్దరే. మా బుద్రి, పట్నం జట్టు పిల్ల. ఇక మిగిలిన ఒక్క ఆటా మాదే, సాలూరు వైపు నుంచి వచ్చిన పిల్లలతో. పాపం, వాళ్ళు బంతి ముట్టుకుని నెల కూడా కాలేదు. ఆ రోజు పెద్ద దేశం మేమే.

ఎనిమిది గోల్స్ కొట్టాం. తొమ్మిదోది పడ్డాక వాళ్ళలో ఒక బక్క పిల్ల నా పక్కనే నిలబడి ముక్కు చీదుకుంటోంది. ఎందుకే అంటే, ఒక్కటైనా కొట్టకుండా వెళ్తే ఊళ్ళో నవ్వుతారంది.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా కొండల్లో చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి మగవాళ్ళు వేటకి వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆట పట్టిస్తారు. సరదాకే. ఒక ఏడు నాన్న అలాగే వచ్చాడు. నేనూ చల్లాను. అందరి ముందూ నవ్వాడు గానీ, ఇంట్లోకి వచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి ఆ బక్క పిల్లే బంతితో వచ్చింది. బుద్రి ముందుకు ఉరకబోయింది. "మోర్!" అని అరిచాను. ఆగిపోయింది. నేను కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. బంతి నా కాళ్ళ మధ్యనుంచి దొర్లుకుంటూ వలలోకి పోయింది. ఆ పిల్ల వేసిన కేక నాకింకా వినబడుతుంది.

మా గేమ్స్ మాస్టారు చేతిలో విజిల్ నేలకేసి కొట్టారు. "ఏటే బుద్రీ, నిద్దరోతన్నావేటి? అంత సులువు బంతికి బేగి రాలేవా?"

నేను అరిచింది మైదానంలో బుద్రికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. తను నావైపు ఒకసారి చూసింది.

"నాదే తప్పు సార్," అంది. తర్వాత నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "ఏటయిందే నీకు?"

"కాలు జారిందే."

వాన లేదు, బురద లేదు. నేల ఎండి బీటలు వారి ఉంది.

"సరేలే. దెబ్బ తగల్నేదు కదా?"

సాయంత్రం పట్నం పిల్ల పేరు చదివారు. ఆ పసిపిల్లల చేతిలో గోల్ తిన్న కీపరు మనకెందుకని ఒకాయన అనడం విన్నాను. షామియానా పది అడుగుల దూరం. వెళ్ళి ఒక్క మాట చెప్తే చాలు. వెళ్ళలేదు.

గోల్ ఇచ్చినందుకు నాకు సిగ్గు లేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వమే. గెలుస్తున్నవాళ్ళమై ఉండి, ఎదుటివాళ్ళని ఉత్త చేతులతో పంపలేదు. మొన్న టీవీలో మన పిల్లలకి అలా ఒక్కటి వదిలినవాళ్ళు లేరు. కానీ జాలి ఒక్కటేనా? బుద్రి వెళ్ళిపోతే ఆ దుప్పటి కింద నేనొక్కదాన్నే మిగులుతానన్న భయం ఆ అరుపులో లేదా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా లేదని ఒట్టు వేయలేకపోతున్నాను. జాలి నాదైతే దాని ఖర్చు కూడా నేనే పెట్టుకోవాలి కదా, బుద్రి చేత ఎందుకు పెట్టించాను?

బుద్రి ఇప్పుడు కాఫీ పళ్ళు ఏరుతుంది. వారం వారం సంతలో చిక్కుళ్ళు అమ్ముతుంది. నాకు కొలిచాక గుప్పెడు కొసరు వేయకుండా పంపదు. ఆ కొసరు సంచిలో పడుతుంటే తలెత్తలేను. తన కూతురు ఈ ఏడే మా హాస్టల్లో చేరింది. నిన్న మైదానంలో, ఎవరూ చెప్పకుండానే గోల్ దగ్గరికి పోయి నిలబడింది. అవే చేతులు. చూస్తుంటే నాకు ఛాతీ పొంగింది, వెంటనే తల తిప్పుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

బుద్రి ఇది చదవలేదు, బళ్ళో నేర్చిన నాలుగు ముక్కలు కూడా మర్చిపోయింది. ఈసారి సంతలో నా నోటితో చెప్పగలనో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు నాది అని అరిచి, తీరా పడ్డాక తన మీదకి నెట్టేశాను. ఇవాళ మళ్ళీ అరుస్తున్నాను, వినండి.

మోర్. ఆ గోల్ నాదే.