గోచికట్టు చీర, కుచ్చిళ్ల చీర

నా చిన్నప్పుడు మేం నాంపల్లిలో ఒకే గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. నాన్న ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసేవాడు. ఒక ఎండాకాలం మా నాయనమ్మ కడుపునొప్పితో ఊరి నుంచి వచ్చింది. గోచికట్టు చీర, కాళ్లకు వెండి కడాలు. ఊళ్లో ఆమె ఎదురొస్తే మగవాళ్లు కూడా అరుగు మీద నుంచి లేచేవాళ్లు.

అమ్మ ఆమెను దగ్గర్లోని పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. బల్లలు ఖాళీగా ఉన్నా మమ్మల్ని నేల మీద కూర్చోమన్నారు. మా తర్వాత వచ్చిన ప్యాంటు చొక్కాల వాళ్లు మాకంటే ముందు లోపలికి వెళ్లారు. చివరికి మా వంతు వస్తే డాక్టరు కడుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "ఏమే, ఏం తిన్నావ్?" అని అడిగి, జవాబు వినకుండానే గోళీలు రాసి పంపేశాడు. తల్లి వయసు మనిషిని ఏమే అన్నాడు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాటికి నాయనమ్మ మెలికలు తిరిగిపోతోంది. పక్కింటి అక్క అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసేది. మెట్లెక్కే మనిషి కట్టుబట్ట చూసి ఎంత మర్యాద చెయ్యాలో తేల్చడం అక్కడ ఆమె రోజూ చూసేదే. జరిగింది విని పళ్లు కొరికింది. తన ఇస్త్రీ చీర తెచ్చి, గోచి విప్పించి, కుచ్చిళ్లు పోసి కట్టింది. సబ్బు రాసి కడాలు తీయించింది. నొప్పికి ఏడవని నాయనమ్మ కడాలు తీస్తుంటే ఏడ్చింది.

"జర ఓర్చుకో అవ్వా. గాడ నువ్వు నోరు తెరవకు, నేను మాట్లాడ్త," అంది అక్క.

అదే దవాఖాన, అదే డాక్టరు. ఈసారి నాయనమ్మకు కుర్చీ వేశారు. ఎక్కడ నొప్పమ్మా అంటూ కడుపు నొక్కి చూసిన డాక్టరు కంగారుగా లేచాడు. పేగు చీము పట్టిందని అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. నాయనమ్మ బతికింది.

కోలుకున్నాక ఆ డాక్టరే మంచం దగ్గరికొచ్చి, ఇంత ముదిరేదాకా ఎందుకు ఆగారమ్మా అని మందలించాడు. నాయనమ్మ అక్క వైపు చూసింది. అక్క ఈసారి ఆపలేదు.

"యాడ ఆగిన బిడ్డా? ఆపరేషన్‌కు ముందురోజు గూడ గీడికే వచ్చిన. నువ్వు నా గోచి జూసినవ్, కడుపు జూడలే."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. నాయనమ్మ తన కడాలు ఇమ్మని అడిగి, మంచం మీదనే తొడిగించుకుంది.

అక్క చీర ప్రాణం కాపాడిందని ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం కోపమే మిగిలింది. ఇస్త్రీ చీర ఇచ్చే అక్క లేనివాళ్ల గతేమిటి?

మొన్న మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఆయాసం వచ్చింది. దవాఖానకు బయల్దేరుతూ ఆమె కోసం నా మంచి చీర ఒకటి చేతిలోకి తీసుకున్నాను. సిగ్గేసి బీరువాలో పెట్టేశాను. ఆమెను ఆమె చీరలోనే తీసుకెళ్లాను. అక్కడ నన్ను కూర్చోండి మేడమ్ అని, ఆమెను ఏయ్, పక్కకు జరుగు అన్నారు. అమ్మా అని పిలవమని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. ఆమెకు కుర్చీ వేసేదాకా నేను కూర్చోలేదు.