ఎత్తు రోడ్డు కోసం మార్చిన పళ్ళ చక్రం

పోయిన సోమవారం పొద్దున్నే తమ్ముడు, మా చిన్నాయన కొడుకు, ఫోన్ చేశాడు. "అక్కా, నాయిన పోయిండు" అన్నాడు. నిద్రలోనే పోయాడట. దవాఖానకు తీసుకుపోయే పని కూడా ఎవరికీ పెట్టలేదు. పోయింది మా చిన్నాయన, నాన్న తమ్ముడు. బాలానగర్‌లో ఒక కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు.

ఎక్కడ చక్రం కనబడినా ఆయన కళ్ళు అక్కడే అతుక్కుపోయేవి. చెరుకు రసం బండి దగ్గర గ్లాసు చేతిలో పట్టుకుని, తాగడం మరిచి, మిషన్‌నే చూస్తుండేవాడు. "రసం తాగనీకి వచ్చినవా, పిల్లను చూడనీకి వచ్చినవా?" అని చిన్నమ్మ దెప్పేది. ఆయన నా వైపు తిరిగి, "చూడు బిడ్డా, తిప్పే కాడ చిన్న పళ్ళ చక్రం, లోపల పెద్దది. చిన్నది శానసార్లు తిరిగితెనే పెద్దది ఒక్కసారి తిరుగుతది. మెల్లగైతేంది, చెరుకును పిప్పి చేస్తది" అనేవాడు.

నాకు పసితనంలోనే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. డెబ్బైల మొదట్లో మేము మదీనాగూడలో ఉండేవాళ్ళం. ఊళ్ళో చిన్న బడికి నాయనమ్మ నన్ను చంకనేసుకుని తీసుకుపోయేది. పెద్ద బడికి పోవాలంటే గుట్ట పక్కనుంచి ఎత్తు రోడ్డు ఎక్కాలి. "ఇగ బడి బందు. ఇంత పిల్లను రోజూ ఎవరు మోస్తరు?" అన్నాడు నాన్న. కోపంతో కాదు, దిక్కుతోచక అన్నాడు. నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"బడి తెరిచేదాక ఆగు అన్నా, బండి చేస్త" అన్నాడు చిన్నాయన.

పాత సైకిల్ చక్రాలతో, చేతులతో తిప్పే మూడు చక్రాల బండి చేశాడు. తిప్పే పిడి దగ్గర పెద్ద పళ్ళ చక్రం, బండి చక్రం దగ్గర చిన్నది, రెంటికీ మధ్య చైను. నేను పిడి ఒక్కసారి తిప్పితే బండి చక్రం గిర్రున ఎన్నోసార్లు తిరిగేది. సైకిళ్ళ మీద పోయే పిల్లలెవరూ నన్ను దాటిపోకూడదని ఆయన పంతం. చక్రాలతోనే కాపురం చేసిన మనిషి, ప్రేమ ఎక్కువై లెక్క తప్పాడు.

బడి తెరవకముందే ఎక్కి చూస్తే, సాపు రోడ్డు మీద పిట్టలా పోయాను. ఎత్తు మొదలవగానే బండి మొండికేసింది. భుజాలు ఊడిపోయేట్టు తిప్పినా కదల్లేదు, పైగా వెనక్కి జారింది. నాన్న ఉరికివచ్చి పట్టుకున్నాడు. "నేను చెప్పలే?" అన్నాడు. నేను బావురుమన్నాను.

చిన్నాయన దుమ్ములోనే కూర్చుని చైను వంక చూశాడు. "తప్పు నాది బిడ్డా, నీ చేతులది కాదు. నువ్వు ఉరకాలనుకున్న, నువ్వు ఎక్కాలె అన్నది మరిచిన. పళ్ళ చక్రం రెండూ ఇయ్యది. వేగమన్న తీస్కో, బలమన్న తీస్కో" అన్నాడు.

పెద్దయ్యాక నేను పంతులమ్మనయ్యాను. లెక్కలు రాక ఏడ్చే పిల్లలకు "తప్పు నీది కాదు" అని ముందు చెప్పి, ఆ తర్వాతే పలక అందుకునేదాన్ని. ఆ మాట నాకు ఆయన పెట్టిన భిక్ష.

చిన్నాయన బండి రెండు పళ్ళ చక్రాలనూ తారుమారు చేశాడు. పిడి దగ్గర చిన్నది, బండి చక్రం దగ్గర పెద్దది. ఇప్పుడు ఎంత తిప్పినా బండి కొంచెమే కదిలేది. సాపు రోడ్డు మీద కర్ర పట్టుకున్న ముసలమ్మలు కూడా నన్ను పలకరించి మరీ దాటిపోయేవాళ్ళు. కానీ తిప్పిన ప్రతిసారీ బండికి పట్టు దొరికేది.

బడి తెరిచిన రోజు ఎత్తు ఎక్కుతుంటే సగంలో నా చేతులు లాగేశాయి. ఒక్క తోపు తోస్తే బాగుండునని వెనక్కి చూశాను. చిన్నాయన బండి వెనకే నడుస్తున్నాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేతి మణికట్టును ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. నుదుటి మీద నాకంటే ఎక్కువ చెమట. కళ్ళతోనే ముందుకు చూడమన్నాడు. నేను మళ్ళీ పిడి తిప్పాను.