శేషాచలం గారి కుడి చెంప మీద పుట్టుమచ్చ

శేషాచలం గారికి రాతలో తప్పు కనబడితే అన్నం సయించదు. మామూలు మనుషులైతే నవ్వి ఊరుకుంటారు, మహా అయితే పక్కవాడికి చూపిస్తారు. ఆయన మాత్రం నిటారుగా నిలబడి, "ఇది తప్పు" అంటారు. ఆ వెంటనే, "రాతపూర్వకంగా తెలియజేస్తాను" అంటారు. అన్నట్టే మూడు ప్రతుల్లో తెలియజేస్తారు. అందినట్టు సంతకం పెట్టేదాకా అక్కణ్ణించి కదలరు.

1998లో నేను తిరువూరు పోస్టాఫీసులో రిజిస్టరు ఉత్తరాల కౌంటర్లో చేరాను. చేరిన మొదటి సోమవారమే కిటికీ అవతల ఒక మనిషి ప్రత్యక్షమయ్యాడు. తెల్లటి పొట్టి క్రాపు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒక సుద్దముక్క.

"కొత్తగా వచ్చావా? పేరు?"

"పవనకుమార్ అండి."

"చూడు పవనకుమార్. నీ తల మీద బోర్డుంది. 'ప్రజాసేవే మా ద్యేయం' అని. ధ్యేయానికి వత్తేదీ?"

వెనక్కి తిరిగి చూశాను. నిజమే, లేదు.

"వత్తు లేని ధ్యేయం ధ్యేయమెలా అవుతుందయ్యా? ఇదిగో, మూడు ప్రతులు. ఒకదాని మీద ముద్ర వేసి ఇయ్యి."

అలా నా ఉద్యోగంలో నేను వేసిన మొదటి ముద్ర, మా ఆఫీసు మీద వచ్చిన ఫిర్యాదు మీదే పడింది.

శేషాచలం గారిది అర్చకుల కుటుంబం. తండ్రి, తాత మంత్రంలో స్వరం తప్పితే ఒప్పుకునేవారు కాదట. ఈయన ఆ పట్టింపునంతా మూటగట్టుకుని పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరారు. పదిహేడేళ్ళు పనిచేసి, నాయక్‌గా రిటైరై వచ్చి, మిగిలిన పట్టింపు తిరువూరు మీద ఖర్చుపెట్టడం మొదలెట్టారు.

ఒకసారి బస్టాండులో విస్సన్నపేట బస్సు ఎదురుగా నిలబడిపోయారు. బోర్డు మీద 'విసన్నపేట' అని ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కండక్టరు దిగొచ్చాడు.

"సార్, ఒత్తు లేకపోయినా బస్సు అక్కడికే వెళ్తుంది సార్."

"ఎక్కడికి?"

"విస్సన్నపేటకి."

"చూశావా, నోటితో ఒత్తు పలికావు. చేత్తో పెట్టడానికేం?"

కండక్టరు ఆయన జేబులోని సుద్దముక్క తీసుకుని, బానెట్ ఎక్కి, స కింద ఇంకో స పెట్టాకే బస్సు కదిలింది. బస్సులోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయన ఎక్కలేదు. ఆ రోజు ఆయనకి విస్సన్నపేటలో పనేమీ లేదు.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య బాలసరస్వతి గారు ఒకసారి నాకో కాగితం చూపించారు. "విషయం: పప్పులో ఉప్పు లేకపోవుట గురించి" అని దాని మీద ఉంది. అడుగున ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసిన జవాబు: "మీ అర్జీ అందినది. పరిశీలించి తగు చర్య తీసుకొనబడును. ఈలోగా ఉప్పు డబ్బా గూట్లో కలదు."

ఊరి తప్పులన్నీ ఇలా సరిదిద్దుతున్న మనిషి సొంత కాగితంలోనే ఒక తప్పు పడింది. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కులో, గుర్తింపు చిహ్నాల కింద 'ఎడమ చెంపపై పుట్టుమచ్చ' అని రాసేశారు. శేషాచలం గారి పుట్టుమచ్చ కుడి చెంప మీద ఉంది. కందిగింజంత ఉంటుంది, కౌంటరు అవతల నుంచే కనబడుతుంది.

1985లో బుక్కు చేతికొచ్చిన రోజునే ఆయన మొదటి అర్జీ రాశారు. నేను చేరేనాటికి పదమూడో ఏడు నడుస్తోంది. నెలకి రెండు సోమవారాలు రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టరు కవరు పడేది. అక్కణ్ణించి ప్రతిసారీ ఒక కొత్త కొర్రీ వచ్చేది. ఫారం మారిందనేవారు. గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలనేవారు. సంతకం ఉంది, ముద్ర అలుక్కుపోయింది అనేవారు. డాక్టరు సర్టిఫికెట్టు జతచేస్తే, అందులో మచ్చ సంగతి ఉంది కానీ చెంప ఎవరిదో రాయలేదు అనేవారు.

"సార్, ఆ మచ్చ ఎటుంటే ఏంటండీ? పింఛను వస్తూనే ఉందిగా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"రేపు నేను పోయాక ఎవరైనా ఆ బుక్కు తీసి చూస్తే, శేషాచలం అనేవాడు వేరే ఎవడో అనుకోరూ?"

ఎవరు తీసి చూస్తారని అడగబోయి ఊరుకున్నాను. అడిగితే రాతపూర్వకంగా జవాబొస్తుంది.

ఆఖరికి ఫొటో పంపమన్నారు. మా వీధి మొదట్లో స్టూడియో నడిపే జయకృష్ణ ఆయన చెంపని దగ్గరగా, చక్కగా ఫొటో తీశాడు. కవరు వెళ్ళింది. నెలన్నర తరవాత జవాబు వచ్చింది. శేషాచలం గారు కౌంటరు దగ్గరే చదివి, గోడకి చేరబడిపోయారు. "మీరు పంపిన ఫొటోలోనూ మచ్చ ఎడమ చెంప మీదనే ఉన్నది. కావున రికార్డు సరిగానే ఉన్నదని తెలియజేయడమైనది."

జయకృష్ణ నెగెటివ్‌ని తిరగేసి ప్రింటు వేశాడు!

ఇద్దరం స్టూడియోకి వెళ్ళాం. జయకృష్ణ ఏమీ తొణకలేదు. "రోజూ మీరు అద్దంలో అలాగే చూసుకుంటారు కదండీ! మీకు అలవాటైన మొహమే వేశాను" అన్నాడు.

ఆ దెబ్బకి ఇంకొకరైతే మంచం పట్టేవారు. శేషాచలం గారు సాయంత్రానికల్లా తేరుకుని, చేతిలో ఆనాటి దినపత్రిక పట్టుకుని మళ్ళీ ఫొటో దిగారు. "అక్షరాలు తిన్నగా కనబడితే మచ్చ కూడా తిన్నగా ఉన్నట్టే. ఇప్పుడేమంటారో చూద్దాం" అన్నారు. వాళ్ళేమీ అనలేకపోయారు. 2000 వేసవిలో, మామిడికాయల లారీలు రోడ్డు నిండా తిరుగుతున్న రోజుల్లో, 'కుడి చెంప' అని దిద్దిన కాగితం వచ్చింది. ఆఫీసులో అందరికీ పాలకోవా పంచారు. బాలసరస్వతి గారు, "హమ్మయ్య, చెంప గొడవ వదిలింది" అని ఊపిరి పీల్చుకున్నారు.

తరవాతి సోమవారం మళ్ళీ వచ్చారు. చేతిలో కవరు. అదే రికార్డ్స్ ఆఫీసుకి. ఈసారి కవరు ఇటుకంత లావుంది.

"ఇదేంటి సార్, మచ్చ సరైందిగా?"

"తప్పులింకా ఉన్నాయి."

"ఏం తప్పులండీ?"

"తూకం వెయ్యి."

అంతే. ఏ కాగితం గురించైనా అరగంట చెప్పే మనిషి దీని గురించి మాత్రం నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర కరువైంది. ఉత్తరాలు చదవకూడదన్నది మా ఉద్యోగ ధర్మం కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఏం చేసేవాణ్ణో చెప్పలేను. కవరుని వెలుతురుకి పట్టుకుని చూడటం ఏ ధర్మం కిందికి వస్తుందో నాకు తెలియదు. చూశాను. ఏమీ కనబడలేదు. ఆయన లోపల అట్టముక్క పెట్టేవారు.

దానికి తోడు ఇంకో వింత. నెలకోసారి ఫైలు చంకలో పెట్టుకుని, గంపలగూడెం షేర్ ఆటో ఎక్కి వెళ్తున్నారు. పొద్దున వెళ్తే సాయంత్రానికి తిరిగొస్తారు. ఎందుకో చెప్పరు. పుట్టినతేదీ మార్పించుకుంటున్నారేమో అన్నారు మా పోస్టుమాస్టరు గారు. జయకృష్ణ రహస్యంగా నా చెవిలో, "అక్కడ ఇంకో సంసారం ఉందట" అన్నాడు.

ఈ మాట బాలసరస్వతి గారి దాకా వెళ్ళింది. భయపడుతూనే అడిగాను.

"పిన్నిగారూ, ఊళ్ళో ఏదో అనుకుంటున్నారు..."

ఆవిడ పడీపడీ నవ్వారు. "ఆయనకి రెండో సంసారమా నాయనా! మొదటిదానికే మూడు ప్రతులు కావాలి."

"మరి గంపలగూడెం ఎందుకండీ?"

"నేనూ అడిగాను. రాతపూర్వకంగా అడగమన్నారు. అడిగాను. 'సదరు సమాచారం ఇవ్వజాలము' అని జవాబిచ్చారు." మళ్ళీ తనే, "ఒక్కటి మాత్రం చూశాను. చలికాలంలో అక్కణ్ణించి వచ్చినప్పుడల్లా పంచె అంచుకి పత్తి అంటుకుని ఉంటుంది" అన్నారు.

పత్తి! పుట్టుమచ్చ నుంచి పత్తి దాకా ఎలా వెళ్ళారో నాకు అంతుబట్టలేదు. అలా మూడేళ్ళు గడిచాయి. కవర్లు వెళ్తున్నాయి, కొర్రీలు వస్తున్నాయి, ఆయన గంపలగూడెం వెళ్తున్నారు.

2003 నవంబరులో రికార్డ్స్ ఆఫీసు నుంచి ఒక రిజిస్టరు కవరు వచ్చింది. దాని మీద పేరు శేషాచలం కాదు. 'జోజమ్మ, కేరాఫ్ శేషాచలం, తిరువూరు' అని ఉంది. ఎవరి పేరున వస్తే వాళ్ళే సంతకం పెట్టి తీసుకోవాలి. పోస్టుమ్యాన్ చేత కబురు పంపాను. మర్నాడు పదకొండింటికి శేషాచలం గారు వచ్చారు. వెనకాల యాభై ఏళ్ళ ఆవిడ, చేతిలో సద్ది గిన్నె, జుట్టులో ఒకటి రెండు పత్తి పింజలు.

"జోజమ్మగారూ, ఇక్కడ సంతకం పెట్టాలి" అన్నారు ఆయన.

నేను సిరాపెట్టె ముందుకి జరిపాను. శేషాచలం గారు దాన్ని వెనక్కి తోశారు.

"వేలిముద్ర కాదు. సంతకం."

ఆవిడ పెన్ను పట్టుకుని, పెదవి బిగబట్టి, ఒక్కో అక్షరం దున్నుతున్నట్టు రాసింది. 'జోజమ్మ'. మ కింద వత్తు కాస్త పక్కకి పోయింది. నేను ఆయన మొహం వంక చూశాను. సిరా ఆరేదాకా సంతకం మీద ఊదుతున్నారు.

"వేలిముద్రయితే ఇద్దరు సాక్షులు కావాలంట బాబూ. ప్రతిసారీ ఎవర్ని తెస్తాం? అందుకని సారు చేలోకొచ్చి గట్టు మీద కూచోబెట్టి నేర్పారు. నేను కూలి పోగొట్టుకోకూడదని అన్నం టైముకే వచ్చేవోరు" అంది ఆవిడ.

మెల్లగా సంగతంతా బయటపడింది. ఆవిడది గంపలగూడెమే. భర్త జోజప్ప కూడా సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. 1998లో చనిపోయాడు. కుటుంబ పింఛనుకి కాగితాలు పెడితే, రికార్డుల్లో భార్య పేరున్న చోట కూడా 'జోజప్ప' అనే ఉంది. ఏ గుమాస్తా కునికాడో ఏమో, రికార్డుల ప్రకారం జోజప్పకి పెళ్ళాం జోజప్ప!

"విస్సన్నపేటలో మాజీ సైనికుల మీటింగంటే, ఆ కాగితం పట్టుకెళ్ళాను బాబూ. తొంభై తొమ్మిదిలో..."

"తొంభై ఎనిమిది, డిసెంబరు" అన్నారు శేషాచలం గారు.

"ఆఁ, అప్పుడే. అది చదివి అందరూ నవ్వారు. ఆళ్ళ తప్పేముందిలే, నవ్వొచ్చేదే. ఈయనొక్కరే లేచి నిలబడి, 'ఇది తప్పు' అన్నారు."

నేను ఆయన వైపు తిరిగాను. "మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం సార్?"

జవాబు ఆవిడే చెప్పింది. "నేనే వొద్దన్నా. 'కాగితాల్లో నువ్వు పెళ్ళానివే కాదంటగా' అని మా ఊళ్ళో అప్పటికే ఎకసెక్కాలాడేవోరు. తిరువూరులో కూడా ఎందుకని."

"ఆ మచ్చ గొడవ అప్పటికి వదిలేద్దామనే అనుకున్నానయ్యా," అన్నారు శేషాచలం గారు, కౌంటరు మీది గోందు సీసా మూత బిగిస్తూ. "ఈవిడ కేసు చూశాక వదల్లేదు. వాళ్ళు ఎక్కడెక్కడ కొర్రీ వేస్తారో ముందు నా చెంప మీద తెలుసుకుంటే, ఈవిణ్ణి అన్నిసార్లు తిప్పక్కర్లేదు కదా. అయినా ఒకదానికి చిక్కాను. రికార్డులో ఉన్న భార్య, అంటే ఆ జోజప్పమ్మ, చనిపోయినట్టు సర్టిఫికెట్టు గానీ విడాకుల కాగితం గానీ పంపమన్నారు. పుట్టని మనిషిని ఎలా చంపను? చర్చి రిజిస్టరు నకలు, పెళ్ళి చేసిన ఫాదరు గారి ఉత్తరం సంపాదించేసరికి మూడేళ్ళు పట్టింది."

కవరు ఆయనే చింపారు. లోపల ఒకే ఒక్క కాగితం. పైనుంచి కింది దాకా చదివి, తెలుగులో చెప్పారు. "భార్య పేరు జోజప్ప అని ఉన్న చోట జోజమ్మ అని సవరించడమైనది."

జోజమ్మ ఆ కాగితం తీసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆవిడకి రావు. అయినా చాలాసేపు చూసింది. "నా పేరెక్కడుంది సారూ?" అని అడిగింది. ఆయన చూపించారు. ఆవిడ దాని మీద వేలు పెట్టి, "దీని పక్కన?" అంది.

"మీ ఆయన పేరు."

"పక్కపక్కనే రాశారే!" అని పకాలున నవ్వింది. ఆ నవ్వుకి స్టాంపుల వరసలో నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగారు. "ఇంకేం తప్పుల్లేవు కదా సారూ? మళ్ళీ పంపక్కర్లేదు కదా?"

ఏళ్ళ తరబడి చిరునామాలు చూసీచూసీ, కాగితం తలకిందులుగా ఉన్నా చదివే విద్య నాకు అబ్బింది. అప్పటికే ఆ కాగితం మొత్తం చదివేశాను. మూడో వరుసలో స్పష్టంగా అచ్చయి ఉంది, ఈ కేసులో అర్జీలు పంపుతున్నది శ్రీమతి శేషాచలం అని.

ఆయన కూడా చూశారు. చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది. పెన్ను సగం బయటికొచ్చింది. కుడి చెంప ఒకసారి అదిరింది. జోజమ్మ ఇంకా ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన పెన్ను లోపలికి తోసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆవిడ చేతిలో పెట్టారు.

"ఏ తప్పులూ లేవమ్మా. అంతా కరెక్టే."

ఆవిడ దాన్ని సద్దిగిన్నె మూత కింద జాగ్రత్తగా దాచుకుని, నాకు కూడా ఒక దణ్ణం పెట్టి, మెట్లు దిగింది. ఆయన వెనకాలే బయల్దేరారు. నేను ఆపుకోలేక కిటికీలోంచి తల బయటపెట్టాను.

"సార్, అందులో మిమ్మల్ని శ్రీమతి అని..."

ఆయన గిరుక్కున తిరిగి, పెదాల మీద వేలు పెట్టారు.

"ష్! ముందు ఆవిణ్ణి ఆటో ఎక్కనీవోయ్!"