మ్యాన్‌హోల్ దగ్గర మనిషి

అమెరికాలో నా కొలతకి చొక్కా దొరికేది కాదు. మెడ దగ్గర సరిపోయిందనుకుంటే చేతులు మోకాళ్ల దాకా వచ్చేవి. చివరికి మగపిల్లల సెక్షన్‌లో కొనుక్కునేవాణ్ని. అక్కడ చొక్కా అన్నాక జేబు మీద ట్రక్కు బొమ్మో డైనోసారో ఉండి తీరాలి. మాస్టర్స్ చేసిన ఇంజనీరు గుండె మీద డైనోసార్‌తో మీటింగుకి వెళ్లడం నాకు ఇబ్బందిగా ఉండేది. మా బాసుకి ఏమాత్రం ఉండేది కాదు.

ఈ సన్నదనం వల్ల ఉద్యోగంలో నాకు ప్రత్యేక గౌరవం దక్కింది ఒక్కసారే. ఎనభైల మొదట్లో, హ్యూస్టన్‌లో.

మాది చిన్న కంపెనీ. రైళ్లలో రసాయనాలు మోసే ట్యాంకు వ్యాగన్లని కడిగాక, లోపల శుభ్రంగా ఉందో లేదో చూడటానికి మనిషి దిగేవాడు. మనిషికి బదులు కెమెరాని దించే మిషన్ మేం తయారుచేశాం. పొడుగాటి గొట్టం చివర కెమెరా, పక్కనే దీపం. వ్యాగన్ పైన మనిషి దూరేటంత కంత, అదే మ్యాన్‌హోల్, దాన్లోంచి దించితే దానంతటదే గుండ్రంగా తిరుగుతూ గోడలన్నీ చూస్తుంది. ఆ బొమ్మలు పక్కనే ఆపిన ట్రైలర్ బండిలో టీవీకీ కంప్యూటర్‌కీ వెళ్తాయి. లోపలి తెల్లటి పూత మీద నల్లగా ఏది కనిపించినా కంప్యూటర్ మురికి అని తేల్చి బజర్ కొడుతుంది. ఒక రౌండ్ అవగానే బల్బు మాడిపోకుండా దీపం ఆరిపోతుంది. ఆ దీపం తెలివి నాది. కంప్యూటర్ తెలివి నా స్నేహితుడిది. వరంగల్ వాడు, కాలేజీ హాస్టల్లో నా రూమ్మేటు, నాకంటే రెండింతలు మనిషి.

ఆ రోజు వ్యాగన్లు కడిగే ఒక యార్డులో డెమో. యార్డు ఓనరు కొనేటట్టే ఉన్నాడు. వాళ్ల షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాలతో ఓ రూలు రాసుంది: లోపల మనిషి ఉన్నంతసేపూ మ్యాన్‌హోల్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి, అతనికి వేరే పని ఉండకూడదు. అది ఎందుకు రాయాల్సొచ్చిందో నేనడగలేదు. కొన్ని ప్రశ్నలు దిగాల్సిన రోజున అడగకూడదు.

దిగాల్సొస్తుందని అప్పటికి నాకు తెలీదు. మొదటి రౌండ్ సగంలో కెమెరా వైరు లోపలి ఇనపకడ్డీకి చుట్టుకుని మిషన్ ఆగిపోయింది. యార్డు మనుషులు మా మిషన్ ముట్టుకోవడం మా బాసుకి ఇష్టం లేదు. ఆయన నాకేసి చూశాడు. నా స్నేహితుడు తన పొట్టకేసి చూసుకుని, తర్వాత నాకేసి చూశాడు.

"నీ టైమొచ్చిందిరా సన్నోడా," అన్నాడు.

వ్యాగన్‌ని అప్పటికే ఆవిరితో కడిగారు. మీటరు పెట్టి గాలిలో విషముందేమో చూశారు, మ్యాన్‌హోల్ దగ్గర మాత్రమే. గొట్టంతో లోపలికి గాలి కొడుతున్నారు. ముందు ఏం మోసిందని అడిగితే, "ఏదో సాల్వెంట్" అన్నారు, అంటే రంగులు కరిగించే మందు. నడుముకి తాడు కట్టుకుని నిచ్చెన మీద దిగాను. తాడు రెండో కొస నా స్నేహితుడి చేతిలో ఉంది.

"లోపలెట్లుంది?" అన్నాడు పైనుంచి.

"పెళ్లి హాల్లా ఉంది. భోజనాలే లేవు."

గోళ్ల రంగు వాసన తియ్యగా కొడుతోంది. వైరు విడదీశాను. కెమెరా ప్రాణమొచ్చినట్టు తిరిగింది, నా మీదికొచ్చి ఆగింది. బయట ట్రైలర్‌లో బజర్ మోగింది. ఆ దేశంలో నన్ను మొహం మీదే 'మురికి' అన్నది ఆ మిషనొక్కటే.

పైన నా స్నేహితుడి వాకీటాకీలో బాసు గొంతు వినిపించింది. ఓనరు ఇంకో రౌండ్ చూస్తానంటున్నాడు, ఎండ పడి బొమ్మ పాలిపోతోంది, మ్యాన్‌హోల్ మూయమన్నాడు. వెలుగు రాకుండా నల్ల రబ్బరు గుడ్డ కప్పాలని మాన్యువల్‌లో రాసింది నేనే. నిచ్చెనా, గాలి గొట్టమూ ఉంటే గుడ్డ సరిగ్గా పరుచుకోదు.

"ఒక్క రౌండేరా. గోడకి ఆనుకుని నిలబడు," అని వాడు నిచ్చెన లాగేశాడు. గాలి గొట్టం కూడా లాగేశాడు. గుడ్డ కప్పాడు. ఇంకా మోగుతున్న ఆ బజర్ ఆపడం వాడొక్కడికే తెలుసు. ట్రైలర్ వైపు వెళ్తున్న వాడి బూట్ల చప్పుడు వ్యాగన్ పైన కాసేపు వినిపించింది.

కెమెరా తిరిగింది. రౌండ్ అయింది. దీపం ఆరిపోయింది.

అలాంటి చీకటి నేనెప్పుడూ చూడలేదు. చూడలేదనడమే సరైన మాట. చెయ్యి మొహం ముందు పెట్టుకున్నా తేడా లేదు. మ్యాన్‌హోల్ నా చేతికందేదానికి చాలా పైన ఉంది. వాణ్ని పిలిచాను. నా గొంతు వ్యాగన్ అటు చివరికెళ్లి తిరిగొచ్చి, నన్నే పిలిచింది. మర్యాదగా మళ్లీ పిలిచాను. ఆ తర్వాత మర్యాద లేకుండా పిలిచాను.

రెంచి తీసి గోడ మీద కొట్టాను. రెండో దెబ్బకి, సాల్వెంట్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలన్న సంగతి గుర్తొచ్చింది. రెంచిని పసిపిల్లని పడుకోబెట్టినట్టు కింద పెట్టాను. చదువుకున్నవాడికి భయపడటానికి కారణాలు ఎక్కువ. ఆ ఆవిరి గాలికంటే బరువు, కింద చేరుతుందని చదివాను. కాబట్టి మునివేళ్ల మీద నిలబడ్డాను. అంతలో వాసన తెలియడం మానేసింది. వాసన పోయిందా, ముక్కు పోయిందా? కొన్ని రసాయనాలు ముందు ముక్కునే చంపేస్తాయని కూడా చదివాను. తల తేలిపోతోంది. అది భయమా, విషమా అన్నది తేల్చుకోలేకపోయాను. ఇంట్లో మా ఆవిడ పొద్దున మజ్జిగ పులుసు చేస్తానంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానా అని అక్కడ నిలబడి చాలా శ్రద్ధగా ఆలోచించాను.

అప్పుడు తాడు గుర్తొచ్చింది. నడుము దగ్గర పట్టుకుని గట్టిగా లాగాను. తాడు సులువుగా వచ్చింది. ఇంకా లాగాను, ఇంకా వచ్చింది. చివరికి రెండో కొస గుడ్డ కిందనుంచి జారి నా నెత్తి మీద పడింది.

ఆ తర్వాత నేను అరవలేదు. కింద కూర్చోకూడదని మాత్రం గుర్తుంది. గోడని రెండు చేతులతో పట్టుకున్నాను, పట్టుకోవడానికి అక్కడేమీ లేకపోయినా. ఊపిరి కొంచెం కొంచెం పీల్చాను. మిగిలింది పొదుపుగా వాడుకోవాలన్నట్టు.

ఎంతసేపో తెలీదు. గుడ్డ కదిలింది. కళ్లలో ఎండ పొడుచుకుంది. మధ్యలో వాడి తల.

"ఏందిరా, పిలిచినవా?"

నిచ్చెన దిగింది. ఎక్కాను. పైకొచ్చాక వ్యాగన్ మీద బోర్లా పడుకుని ఊరికే గాలి పీల్చాను. చొక్కా పిండితే నీళ్లు కారేటట్టుంది.

"ఎక్కడ చచ్చావురా?" అన్నాను.

"ట్రైలర్లనే ఉన్న. అందరం నిన్నే చూసినం. టీవీల మంచిగ కనబడ్డవు."

"దీపం ఆరిపోయాక?"

"ఆరిపోతే రౌండ్ అయిపోయిందనుకున్నం. ఓనరు ఏవో అడుగుతుండె, చెప్పుకుంట కూసున్న."

"తాడో?"

వాడు తన ఖాళీ చేతికేసి చూసుకున్నాడు. మొహంలో రక్తం లేదు.

అప్పటికి బాసూ ఓనరూ నవ్వుకుంటూ ట్రైలర్ దిగి వచ్చారు. బొమ్మ అద్భుతంగా ఉందని బాసు కింద నుంచే బొటనవేలెత్తి చూపించాడు. ఓనరు నన్నూ, కెమెరానీ, మ్యాన్‌హోల్‌నీ మార్చి మార్చి చూశాడు. చివరికి షెడ్డు గోడ మీది ఎర్ర అక్షరాల వైపు తల ఊపుతూ ఇంగ్లీషులో తాపీగా అన్నాడు:

"ఈ కెమెరా ఉంటే ఇక మ్యాన్‌హోల్ దగ్గర మనిషిని పెట్టక్కర్లేదన్నమాట."